బోర్డు పెట్టినంక పోవాలె

మొన్న మేడ్చల్‌లో కొత్త కరెంటు బస్సు ఎక్కాను. చప్పుడు లేదు, కుదుపు లేదు, తలుపులు వాటంతట అవే మూసుకున్నాయి. అందరం బడిపిల్లల్లా బుద్ధిగా కూర్చున్నాం. కొంత దూరం పోయాక నెత్తిన మూటతో ఒకామె రోడ్డు అంచుకు వచ్చి చెయ్యెత్తింది. అక్కడ స్టాపు లేదు, బస్సు ఆగలేదు. డ్రైవరును తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ నా నోట్లోంచి "హోల్డాన్!" అని, బస్సు ఆపడానికి పాత కండక్టర్లు వేసే కేక వచ్చేసింది. బస్సంతా నా వైపు తిరిగింది. యాభై దాటిన టీచరమ్మను, కళ్లద్దాలు, ఒళ్లో కూరగాయల సంచి. ఆ అరిచింది ఎవరో నాకూ తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నిజానికి ఆ కేక నాది కాదు. పోయిన వానాకాలం కన్నుమూసిన ఒక పెద్దమనిషిది. ఆయన దగ్గర అంటుకున్న జబ్బు, ఇంకా వదల్లేదు.

ఆయన పేరు రాయను. రాయకపోయినా మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఎవరిని అడిగినా చెప్తారు. 'బస్సుల పటేలు' అంటే చాలు. గౌరవంతో పెట్టిన పేరేమీ కాదది. ఆయన ఈడువాళ్లు, ఆయనకున్నంత భూమి ఉన్నవాళ్లు, ద్రాక్షతోటలు పీకేసి ప్లాట్లు చేశారు. పెద్ద పెద్ద తెల్ల కార్లు కొన్నారు. కొందరు కౌన్సిలర్లయ్యారు, ఇంకొందరు కౌన్సిలర్లను చేశారు. ఈయన మాత్రం తుక్కు కింద అమ్మేసిన పాత సిటీ బస్సులు మూడు కొన్నాడు. ఎండిపోయిన ద్రాక్షతోటలో రాతి కడీలు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటిని ఇంకొంచెం ఎత్తు చేయించి, పైన రేకులు కప్పించి, ఆ నీడన బస్సులను పెట్టాడు. ద్రాక్ష పందిరి కింద బస్సులు పండించిన రైతు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే.

అన్నిటికన్నా వింత, ఆయనకు బండి నడపడం రాదు. బస్సు సంగతి అటుంచి, స్కూటరు కూడా రాదు. ఎటు వెళ్లాలన్నా ధోతి కుచ్చిళ్లు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, వచ్చే బస్సుకు చెయ్యెత్తేవాడు. మూడు బస్సుల ఆసామి నాలుగో బస్సు కోసం ఎండలో నిలబడ్డం చూసి జనం నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవాడు.

నేను మేడ్చల్‌లో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఒక రోజు మధ్యాహ్నం ఆయన స్టాఫ్ రూములోకి వచ్చాడు. ఉతికిన తెల్ల ధోతి, తెల్ల అంగి, మెడలో నల్లదారానికి విజిల్. విజిల్ చూసి ఆటల మాస్టారి కోసం వచ్చాడనుకుని గ్రౌండు వైపు చెయ్యి చూపించాను.

"ఆటల సారు కాదు బిడ్డా. రాజుల గురించి చెప్పే టీచరమ్మ ఎవలు?"

"నేనే. కూసోండ్రి."

"కూసుంటగని, గా రాజులు సచ్చిపొయ్యి ఎన్నేండ్లైంది?"

"చాన ఏండ్లైంది."

"మరి వాళ్లకేం జల్దీ ఉన్నది? నా బస్సులు ఇంక బతికున్నయి. ముందుగాల వాటి హిస్టరీ రాసియ్యి."

ఒక్కో బస్సు ముందు ఒక్కో పలక పెట్టించాలని ఆయన కోరిక. ఎక్కడ తయారైంది, ఏ దారిలో తిరిగింది, ఎప్పుడు పక్కన పెట్టేశారు, ఇవన్నీ చదివినవాళ్లకు అర్థమయ్యేలా రాయాలి. నాలుగు ఆదివారాల పని అనుకుని ఒప్పుకున్నాను. నాలుగు ఆదివారాలు కాస్తా ఏళ్లయ్యాయి. అప్పటికి ఆయన నాకు పెద్దనాయిన అయ్యాడు, వాళ్లావిడ పెద్దమ్మ అయింది.

మొదటి ఆదివారం తోటకు వెళ్లగానే అన్నిటికన్నా పాత బస్సు ముందు తలుపులోంచి ఎక్కబోయాను. ఎక్కనివ్వలేదు. వెనక తలుపులోంచి ఎక్కాలి, ముందు తలుపులోంచి దిగాలి. "ఆగి ఉన్న బస్సే కద పెద్దనాయినా" అన్నాను. "బస్సు ఆగింది, రూలు ఆగలె" అన్నాడు. చుట్టూ తిరిగి వెళ్లి వెనక నుంచి ఎక్కాను. మగవాళ్లు వస్తే ఇంకా కష్టం. ఆడవాళ్ల సీట్ల వైపు చూసినా ఊరుకునేవాడు కాదు. కాళ్లనొప్పులున్న మాజీ సర్పంచిని కూడా లేపి వెనక్కి పంపాడు. బస్సులో ఆయన తప్ప ఇంకెవరూ లేరు, ఆడవాళ్లు అసలే లేరు. "ఎక్కుతరు. ముందు స్టాపు ఉంటది గద" అన్నాడు.

వచ్చినవాళ్లు వెళ్లిపోయేటప్పుడు వాళ్ల బండిని అరచేత్తో రెండుసార్లు చరిచి "రైట్ రైట్" అనేవాడు. ఆటో అయినా, కారైనా, నా స్కూటీ అయినా సరే. అన్న కొడుకు కొత్త కారు కొని చూపించడానికి తెస్తే దాన్నీ అలాగే చరిచాడు. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లి సొట్ట పడిందేమోనని టార్చిలైటు వేసి వెతికాడట.

పెద్దమ్మ ఈ బస్సులను సవతులనేది. ఎవరైనా గేటు దగ్గర ఆయన కోసం అడిగితే, "పెద్ద సవతి కాడ ఉన్నడు, పోండ్రి" అని పంపేది. చాయ్ తెచ్చేది కానీ బస్సు ఎక్కేది కాదు. కిటికీలోంచి గ్లాసు అందించి, "తాగి బయటికి రా, అన్నం సల్లారుతాంది" అని చెప్పి వెళ్లేది. అన్నం ఎప్పుడూ చల్లారే ఉండేది.

ఆ పెద్ద సవతి కథ చెప్పాలి. ఇంజను లోపల కాకుండా ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద ముక్కులో ఉండే రకం బస్సు అది. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ఒకప్పుడు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య తిరిగింది. ఒక రోజు పెద్దనాయిన ఎవరితోనో కలిసి ప్లాటు చూడడానికి జవహర్‌నగర్ వెళ్లాడు. చెత్తకుప్పల మీది నుంచి గాలి ఇటు మళ్లగానే వెంట వచ్చినవాళ్లంతా రుమాళ్లు అడ్డం పెట్టుకుని కార్లోకి పరుగెత్తారు. ఈయన తువ్వాలు ముక్కుకు చుట్టుకుని ఎదురు దిక్కుకు నడిచాడు. అక్కడ ఒక తుక్కు దుకాణం వెనక ఈ బస్సు ముక్కు కనిపించింది. గ్యాసు కట్టర్‌తో అప్పటికే వెనక మెట్టు కోసేశారు. మిగతాది కోయనివ్వకుండా మెట్టు పోయిన చోట ఎక్కి లోపల కూర్చున్నాడట, బేరం తెగేదాకా దిగలేదట. చూడాల్సిన ప్లాటు చూడనే లేదు. "ప్లాటు కొంటడని పంపితె కంపు కొట్టే సవతిని తెచ్చిండు" అని పెద్దమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఎంత కడిగినా ఆ వాసన పోవడానికి ఒక ఎండాకాలం పట్టింది.

చరిత్ర రాయడం మొదలుపెట్టాక నాకు తలనొప్పి పట్టుకుంది. ముక్కు బస్సుకు ఎడమ పక్క ముందు చక్రం పైన ఒక పెద్ద సొట్ట ఉంది. అది ఎలా పడిందని అడిగితే, శామీర్‌పేట చెరువు మలుపులో బర్రె అడ్డం వచ్చిందన్నాడు. రాసుకున్నాను. మరుసటి వారం ఎవరో చుట్టాలకు చెప్తుంటే విన్నాను. పెళ్లివారిని ఎక్కించుకోలేదని వాళ్లు రాళ్లేశారట. ఇంకో వారం అదే సొట్ట మీద ఒక మంత్రిగారి జీపు వచ్చి ఎక్కింది. నాకు కోపం వచ్చింది.

"మూడిట్ల ఏది నిజం పెద్దనాయినా?"

"మూడూ నిజమే. గన్నేండ్లు తిరిగిన బండి, ఒక్కపారే తగుల్తదా?"

నేను రాసిన ఐదు వాక్యాల చరిత్ర చదివి వినిపిస్తే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఇంజను గిట్లుంటది, రూటు గిట్లుంటది... గింతేనా? ఎక్కినోళ్లు ఏరి? ద్రాక్షబుట్టలు పట్టుకొని మా అమ్మ ఎక్కింది గిండ్లనే. గదేమన్న రాసినవా?" ఆయన తల్లి ఎక్కింది ఇదే బస్సని సాక్ష్యం ఏమిటని అడిగాను. "నేనున్న గద సాక్ష్యం" అన్నాడు. అప్పటికాయన తల్లి ఒళ్లో పిల్లవాడు. ఇలాంటి సాక్షితో చరిత్ర రాయడం ఎంత కష్టమో నా తోటి లెక్చరర్లకు చెప్పుకుని వాపోయేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం ఆయన పిసరంత కూడా అటూ ఇటూ కదిలేవాడు కాదు. ఊరి పేరు రాసిన రేకు బోర్డు. ముక్కు బస్సుతో పాటు దాని పాత బోర్డు కూడా దొరికింది. దానికి ఒక పక్క మేడ్చల్, రెండో పక్క శామీర్‌పేట. పోయేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు ఒక పక్క కనిపించేలా తిప్పి పెట్టేవారు. దాన్ని ఆయన గోనెసంచిలో చుట్టి ఇంట్లో దాచాడు. ఫోటోలు తీసుకునేవాళ్లు ఒక్క నిమిషం బోర్డు పెట్టమని బతిమాలేవారు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. "పోని బండికి బోర్డు పెడ్తె మోసం గాదా? పోయేనాడు పెడ్త" అనేవాడు. సొట్టకు మూడు కథలు చెప్పే మనిషికి ఇంత పట్టుదల ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో పెద్దమ్మ చెప్పింది. చిన్నప్పుడు అందరూ డ్రైవరు కావాలనుకుంటే ఈయన కండక్టరు కావాలనుకున్నాడు. తోలేవాడు రోడ్డునే చూస్తాడు, కండక్టరు మనుషులను చూస్తాడు అనేవాడట. పదో తరగతి అయ్యాక ఆ ఉద్యోగానికి వెళ్తానంటే వాళ్ల నాయిన చెప్పు తీసుకున్నాడు. పటేలు కొడుకు టికెట్లు చింపడమేమిటని. ద్రాక్షతోట చూసుకోమన్నాడు. ద్రాక్షతోటే చూసుకున్నాడు మరి, ఇంకేం చేస్తాడు.

తర్వాత పంపకాలు వచ్చాయి. పందిరి ఉన్న ముక్క అన్న కొడుకుల వాటాకు పోయింది. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు. చిన్నాయిన మనసు నొచ్చుకోకూడదని దసరా దాకా గడువిచ్చారు. కానీ లేఅవుటు వాళ్లు ఆగుతారా, సున్నంతో గీతలు గీసేశారు. ముప్ఫై అడుగుల రోడ్డు సరిగ్గా ముక్కు బస్సు మీది నుంచి పోతోంది. "నిలవడ్డ బస్సు కాడికి రోడ్డే వచ్చింది" అని పెద్దనాయిన నవ్వాడు కానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మిగతా బస్సులు రెండింటినీ అడిగినవాళ్లకు ఇచ్చేశాడు. ఒకదాన్ని సూరారం వైపు ఒక బడివాళ్లు లైబ్రరీ చేస్తామని తీసుకుపోయారు. ఇంకొకటి శామీర్‌పేట దారిలో టిఫిన్ సెంటరయింది. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆ టిఫిన్ సెంటరుకు వెళ్లాడు, బస్సు బాగుందో లేదో చూసి వద్దామని. లోపల ఆడవాళ్ల సీట్లో ఒక కుర్రాడు మసాలా దోశ తింటున్నాడు. పెద్దనాయిన వెళ్లి అతని ముందు నిలబడ్డాడు.

"తమ్మీ, లెవ్వు. లేడీస్ సీటు."

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. ఓనరు వంటగదిలో ఉన్నాడు. నేను ఆయన అంగి వెనక నుంచి లాగుతున్నాను. ఆ అబ్బాయి ఏమనుకున్నాడో ఏమో, ప్లేటు పట్టుకుని లేచాడు. పై కమ్మీ ఒక చేత్తో పట్టుకుని, నిలబడే మిగతా దోశ తిన్నాడు. పెద్దనాయిన తృప్తిగా తలాడించి నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టాడు. తెచ్చిన దోశను నేను సిగ్గుతో సగంలోనే వదిలేసి లేచాను.

ముక్కు బస్సును మాత్రం ఎవరూ అడగలేదు. ముక్కుకే సగం జాగా పోతుంది, లోపల నాలుగు బల్లలు కూడా పట్టవు. అడిగింది ఒక్క జవహర్‌నగర్ తుక్కు దుకాణం వాడే. దసరా దగ్గరపడుతోంది. ఆ రోజుల్లో ఒకసారి నేను వెళ్లేసరికి ఆయన మెట్టు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. "నేను పోతె కాలవెట్టనీకి జాగున్నది టీచరమ్మా. దీనికే లేదు" అన్నాడు. 

అలాంటి సమయంలో మేడ్చల్ డిపో మేనేజరు తోటకు వచ్చాడు. ఎవరో చెప్తే విని వచ్చాడట. వెనక తలుపు నుంచి ఎక్కి, ముందు తలుపు నుంచి దిగాడు, అది చాలు పెద్దనాయినకు నచ్చడానికి. డిపో గేటు పక్కన సిమెంటు గద్దె కట్టించి దాని మీద ముక్కు బస్సును శాశ్వతంగా నిలబెడదామని ఆయనే అన్నాడు. పైన రేకులు, చుట్టూ కంచె, ముందు నేను రాసిన పలక. 

"ఒక్కటే సంగతి పటేలా" అన్నాడు మేనేజరు. "ఆదివారం పదకొండు గంటలకు హెడ్డాఫీసు నుంచి పెద్ద సారు వస్తడు. బండి తన ఇంజనుతోటి నడిచిరావాలె, సారు రిబ్బన్ కట్ చేయాలె. గా జాగ కరెంటు బస్సుల చార్జింగ్ మిషిన్లకు గావాలని గూడ అడుగుతున్నరు. సారు కండ్లతోటి బండిని సూస్తె మనకిస్తడు. లేకపోతె నా చేతుల ఉండదు."

ఆ రోజుకు రోడ్డెక్కించడానికి కావలసిన అనుమతి కూడా సాయంత్రం దాకా ఆయనే ఇప్పించాడు. బండి నడపడానికి రిటైరైన డ్రైవరు ప్రభుదాసన్న ఒప్పుకున్నాడు. ఆదివారం చర్చి మానుకోవడం ఆయనకు అదే మొదలు.

ఆదివారం పొద్దున ప్రభుదాసన్న స్టీరింగు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. పెద్దనాయిన ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. ఎవరి మాట విందో ఏమో, ఇంజను దగ్గి, తుమ్మి, అంటుకుంది. పందిరి మీది పావురాలన్నీ లేచిపోయాయి. పెద్దమ్మ పట్టుచీర కట్టింది. "సవతి ఊరేగింపుల నేనెందుకు" అని, పెద్ద సారుకు కప్పాల్సిన శాలువా, పూలదండా పట్టుకుని ఆటోలో ముందే డిపోకు వెళ్లిపోయింది.

పెద్దనాయిన గోనెసంచి విప్పి బోర్డు తీశాడు. మేడ్చల్ అని రాసిన పక్క తుప్పు అక్షరాలను తినేసింది. శామీర్‌పేట పక్క మాత్రం నల్లరంగు మీద పసుపు అక్షరాలు ఇంకా మెరుస్తున్నాయి. ఫోటోల్లో అదే బాగుంటుందని ఆ పక్కనే బయటికి పెట్టాడు. మేము వెళ్తున్నది మేడ్చల్‌కు. ఆ సంగతి ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

తోట సందులోంచి పెద్ద రోడ్డు మీదికి వచ్చే చోట బస్ స్టాపు ఉంది. అక్కడ పట్టుచీరల్లో ఒక ఆడవాళ్ల గుంపు నిలబడి ఉంది. ఒకామె చంకలో బియ్యం మూట, ఇంకొకామె చేతిలో పసుపుకుంకాల పళ్లెం. మమ్మల్ని చూడగానే అందరూ ఒక్కసారి చేతులెత్తారు. ప్రభుదాసన్న పెద్దనాయిన వైపు చూశాడు. నేను వద్దనే లోపలే "హోల్డాన్!" అనే కేక, విజిలూ రెండూ అయిపోయాయి.

"పెద్దనాయినా, మనం ఎక్కించుకోవద్దు."

"చెయ్యెత్తిన్రు గద."

వాళ్లు ఎక్కారు. వెనక తలుపులోంచే ఎక్కారు, కోసేసిన దాని బదులు వేయించిన మెట్టు ఎత్తుగా ఉందని తిట్టుకుంటూ. కూర్చున్నాక అందరూ చీర కొంగుల్లోంచి, పర్సుల్లోంచి ఆధార్ కార్డులు తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, కార్డు చూపిస్తే చాలు. ఎర్రగా కనిపించింది కాబట్టి వాళ్లకు ఇదీ బస్సే. పెద్దనాయిన ఒక్క క్షణం తబ్బిబ్బయ్యాడు. తర్వాత ఒక్కొక్క కార్డూ తీసుకుని, ఫోటోనూ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, పాత టికెట్ల డబ్బాలోంచి ఒక్కో రంగు కాగితం చింపి ఇచ్చాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. "పైసలు తీసుకుంటె తప్పు టీచరమ్మా. టికెట్ ఇస్తె తప్పేంది?" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు చూసి నేను వెళ్లి నా సీట్లో కూర్చున్నాను. ఒకామె "కండక్టరన్నా, జర గీ కిటికీ తెరువు" అంది. ఆయన పరుగెత్తుకెళ్లి తెరిచాడు. అంత గొప్ప కండక్టరూ అసలు అడగాల్సిన మాట మరిచిపోయాడు. ఎక్కడికి పోవాలమ్మా అని అడగలేదు.

బస్సు మేడ్చల్ వైపు తిరిగి కొంత దూరం పోయిందో లేదో లోపల గోల మొదలైంది.

"ఏందన్నా, ఇటు పోతాంది? శామీర్‌పేట గటుంది గద!"

"మేడ్చల్ పోతాందమ్మా గిది."

"మరి శామీర్‌పేట బోర్డు పెట్టిన్రేంది? మా ఆడబిడ్డకు ఒడిబియ్యం పొయ్యాలె, పన్నెండు లోపల పొయ్యాలె. బోర్డు సూసే కద ఎక్కినం!"

నేను లేచి నచ్చజెప్పబోయాను. ఇది మామూలు బస్సు కాదమ్మా, చూడడానికి పెట్టే బస్సు అన్నాను. "చూడనీకి పెట్టేదైతె ఎందుకు ఎక్కిచ్చుకున్నరు?" అని ఆమె అడిగింది. 

పెద్దనాయిన ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో చెయ్యి గంట తాడు మీద ఉంది. ఆయన ముఖం పాలిపోయింది.  తాడు లాగాడు. గంట మోగింది, బస్సు ఆగింది.

"బండి మర్లియ్యి ప్రభుదాసు."

"పటేలా, టైము?" అన్నాడు ప్రభుదాసన్న.

"పెద్దనాయినా, ఆలోచించండ్రి. లేటైతె గద్దె పోతది" అన్నాను నేను. "వీళ్లను ఆటో ఎక్కిద్దం. నేను ఎక్కిస్త."

"నోటితోటి నేను శాన చెప్పిన బిడ్డా. బర్రె అన్న, పెండ్లోల్లు అన్న. అదంత ఉత్త ముచ్చట. బోర్డు గట్ల గాదు. తెల్వని మనిషి బోర్డును నమ్మి ఎక్కుతడు. బోర్డు పెట్టినంక పోవాలె."

 ఏం పోగొట్టుకుంటున్నాడో ఆయనకు బాగా తెలుసు. ఆ మాట చెప్పాక మళ్లీ నా వైపు చూడలేదు, ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండింటి మధ్య ప్రభుదాసన్న బస్సును వెనక్కి తిప్పాడు.

శామీర్‌పేట వెళ్లాం. చెరువు దగ్గర ఇంజను వేడెక్కి ఆగింది, ప్రభుదాసన్న నీళ్లు తెచ్చి పోశాడు. ఒడిబియ్యం వాళ్లు ముందు తలుపులోంచి దిగి, "సల్లగుండు కండక్టరన్నా" అని వెళ్లిపోయారు. పెద్దనాయిన దిగి, బోర్డును మేడ్చల్ వైపు తిప్పిపెట్టాడు. దాని మీద ఒక్క అక్షరమూ కనిపించదు. అందుకని మెట్టు మీద నిలబడి "మేడ్చల్ మేడ్చల్ మేడ్చల్" అని తనే కేకలు పెట్టడం మొదలుపెట్టాడు.

ఇక దారి పొడుగునా చేతులే. ఆయన ఎవరినీ వదల్లేదు. మగవాళ్లు జేబులు తడుముకుంటుంటే "ఇయ్యాల మగోళ్లకు గూడ ఫ్రీ" అని చెప్పాడు. ఒక ఊరి మలుపులో ఒక అవ్వ ఎక్కింది. వంగిన నడుము, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కళ్లజోడు డబ్బా, ఆధార్ కార్డు. మేడ్చల్‌లో అద్దాలు మార్పించుకోవడానికి వెళ్తోందట. ఎక్కి, సీటును చేత్తో తడిమి, పైన కమ్మీ చూసి, గంట తాడు చూసింది.

"గీ బస్సు బంద్ జేసిన్రనుకున్న. మల్ల షురువైందా?"

పెద్దనాయిన ఆ సీటు దుమ్ము తువ్వాలుతో దులిపాడు. "కూసో అవ్వా" అని మాత్రం అన్నాడు. అవ్వ అనడానికి ఆమె ఈయన కన్నా అంత పెద్దదేమీ కాదు. నేను అప్పటికే గడియారం చూడడం మానేశాను.

మేము డిపో చేరేసరికి షామియానా విప్పుతున్నారు. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టి ట్రాలీకి ఎక్కిస్తున్నారు. గేటు పక్కన కొత్త సిమెంటు గద్దె ఉంది, దాని చుట్టూ కట్టిన పూలదండలు ఎండకు వాడిపోయి ఉన్నాయి. మేనేజరు ఎదురొచ్చాడు. మంచి మనిషి, గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు.

"గంట కంటె ఎక్కువ కూసున్నం పటేలా. సారుకు ఇంకో తాన మీటింగ్ ఉండె. ఇగ ఆ జాగ చార్జింగ్ మిషిన్లకు ఇయ్యిమని చెప్పి పోయిండు." తర్వాత బస్సులోంచి మూటలతో, సంచులతో దిగుతున్న జనాన్ని చూశాడు. "వీళ్లందరు ఎవలు?"

"ప్యాసింజర్లు" అన్నాడు పెద్దనాయిన.

పెద్దమ్మ చెట్టు కింద కూర్చుని ఉంది. లేచి వచ్చింది. "పెండ్లినాడు గూడ గిట్లనే లేటొచ్చినవు" అంది.  చేతిలోని శాలువాను ఆయనకు ఇచ్చేసి, ముఖం అటు తిప్పుకుంది. ఆయన ఆ శాలువా పట్టుకుని గద్దె దగ్గరికి వెళ్లాడు. సిమెంటు మీద చెయ్యి పెట్టి చూశాడు. గద్దె కొలతలు బస్సుకు సరిగ్గా సరిపోయాయి. 

ఆ తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ బస్సుకు ఎక్కడా జాగా దొరకలేదు. దసరా అయ్యాక జవహర్‌నగర్ నుంచి లారీ వచ్చింది. ఆయన అది వచ్చిన రోజు ఇంట్లోంచి బయటికి రాలేదట. నేనూ వెళ్లలేదు. వెళ్లి చూసే ధైర్యం లేకపోయింది. నేను రాసిన పలక ఇంకా మా ఇంట్లో, బీరువా వెనక ఉంది. ఆ పైయేడు వానాకాలంలో ఆయనా వెళ్లిపోయాడు. ఆయనను తలుచుకున్నప్పుడల్లా కాసేపు నవ్వుకుని, తర్వాత ఊరికే కూర్చుంటాను. అలా కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చేది మాత్రం లారీ కాదు, ఆ ఆదివారం డిపో ముందు జరిగిందే.

ఆయన ఇంకా గద్దె మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. ఆ అవ్వ ప్లాస్టిక్ కవరు ఊపుకుంటూ నెమ్మదిగా నడిచి ఆయన వెనక్కి వచ్చింది.

"కండక్టరు సారూ, వాపస్ ఎప్పుడు పోతది?"

ఆయన ఇటు తిరిగాడు. మేనేజరును చూడలేదు, నన్ను చూడలేదు, పెద్దమ్మను చూడలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చేతి గడియారం చూసుకున్నాడు.

"నీ అద్దాలు అయినంక పోతది. నిమ్మలంగ పొయ్యి రా అవ్వా" అన్నాడు.

"మల్ల సీటు దొరుకుతదా?"

పెద్దనాయిన వెనక తలుపులోంచి బస్సెక్కాడు. పెద్ద సారుకు కప్పాల్సిన ఆ జరీ శాలువాను ముందు వరుసలో, కిటికీ పక్క సీటు మీద పరిచాడు. కిటికీలోంచి తల బయట పెట్టి, "గీ సీటు నీదే, ఎవల్ని కూసోనియ్య" అన్నాడు.